పురుషోత్తముడి ఏనుగులూ, ఆరడుగుల బల్లా

"ఏనుగులు బెదిరి సొంత సైన్యాన్నే తొక్కేశాయి, అందుకే పురుషోత్తముడు ఓడిపోయాడు." స్కూల్లో చాలామందిమి ఇలాగే చదువుకున్నాం. ఈ మధ్య దీనికి విరుగుడుగా ఇంకో కథ ఫార్వర్డుల్లో తిరుగుతోంది. అసలు గెలిచింది పురుషోత్తముడేననీ, అలెగ్జాండర్ చావుతప్పి కన్ను లొట్టపోయి వెనక్కి పారిపోయాడనీ, గ్రీకులు చరిత్రని తారుమారు చేశారనీ దాని సారాంశం. నాకు ఈ రెండు కథలూ గొంతు దిగవు. ఎందుకు దిగవో చెప్పాలంటే ముందు నాకున్న ఒక విచిత్రమైన వ్యసనం గురించి చెప్పాలి.

ఇక్కడ, అంటే అమెరికాలోనూ, అంతకన్నా ఎక్కువగా ఇంగ్లండులోనూ, పాతకాలపు యుద్ధాలని బల్ల మీద బొమ్మలతో ఆడేవాళ్ళు ఉన్నారు. వార్ గేమింగ్ అంటారు. కంప్యూటరు ఆట కాదు. పదిహేను మిల్లీమీటర్ల ఎత్తుండే సీసపు సిపాయిల్ని కొనుక్కుని, భూతద్దం పెట్టుకుని రంగులేసి, నలుగురేసి చొప్పున చిన్న అట్టముక్కకి అతికించి, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద మోహరిస్తారు. స్కేలు పెట్టి కొలిచి కదుపుతారు. రెండు దళాలు తలపడితే పాచికలు వేసి, దళం రకాన్ని బట్టి అంకెలు కలిపి ఎవరు నిలబడ్డారో, ఎవరు వెనక్కి తగ్గారో తేలుస్తారు. చూసేవాళ్ళకి నడివయసు మగాళ్ళు బొమ్మలాట ఆడుకుంటున్నట్టే ఉంటుంది. మా ఇంట్లో కూడా ఆ అభిప్రాయమే చెలామణీలో ఉంది.

అన్నట్టు, ఈ ఆటకి మూలపురుషుడు మన చదరంగమే. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే పంతులు చదరంగాన్ని సాగదీసి, గళ్ళకి కొండలూ నదులూ తగిలించి, యుద్ధవిద్య నేర్పే ఆటగా మార్చాడు. దాని అడుగుజాడల్లో ప్రష్యాకి చెందిన రైస్‌విట్జ్ తండ్రీకొడుకులు క్రీగ్‌స్పీల్ తయారుచేశారు. 1824లో కొడుకు అచ్చువేసిన నిబంధనలు ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకి వాడారు. 1913లో హెచ్.జి.వెల్స్, అవును, టైమ్ మెషీన్ రాసిన వెల్సే, 'లిటిల్ వార్స్' అనే పుస్తకంతో దీన్ని ఇళ్ళలోకి తీసుకొచ్చాడు. ప్రాచీన యుద్ధాలకే ప్రత్యేకంగా 1965లో ఇంగ్లండులో సొసైటీ ఆఫ్ ఏన్షియంట్స్ పుట్టింది. ఫిల్ బార్కర్, అతని మిత్రులు 1969 నుంచి నిబంధనల పుస్తకాలు వేస్తూ వచ్చారు. వాటిలో 1990లో వచ్చిన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్' (అందరూ డీబీఏ అనే అంటారు) సంగతి ఇక్కడ కావాలి. ఒక్కో వైపు పన్నెండు అట్టముక్కలు, రెండడుగుల చదరపు పలక, ఒక గంట సమయం. అంతే.

డీబీఏలో సైన్యాల జాబితాలు ఉంటాయి. మన దేశం పేజీ తిప్పితే "క్లాసికల్ ఇండియన్, క్రీ.పూ. 500 నుంచి క్రీ.శ. 545" అని కనపడుతుంది. పురుషోత్తముడూ, మౌర్యులూ, మన శాతవాహనులూ, ఇక్ష్వాకులూ, గుప్తులూ అందరూ ఒకే పెట్టెలో! గ్రీసులో ఊరికో జాబితా ఇచ్చిన పెద్దమనిషి వీళ్ళందరికీ, వెయ్యేళ్ళకీ కలిపి ఒక్కటి ఇచ్చాడు. కోపం వస్తుంది కానీ, ఆయన్ని అని ఏం లాభం? గ్రీకులు రాసిపెట్టుకున్నంతగా మనవాళ్ళు యుద్ధాల వివరాలు రాయలేదు. ఈ జీలం నది యుద్ధం సంగతే చూడండి. క్రీ.పూ. 326లో జరిగింది. మన వైపు నుంచి ఒక్క అక్షరం లేదు. ఉన్నదంతా గ్రీకు, రోమన్ రచయితలు రాసింది. అదీ మూడు నుంచి అయిదు వందల ఏళ్ళ తర్వాత, అప్పటికి ఉన్న పాత పుస్తకాలు ముందు పెట్టుకుని.

వాళ్ళల్లో వాళ్ళకే పడదు. పురుషోత్తముడి దగ్గర 200 ఏనుగులు, 300 రథాలు, 4,000 గుర్రాలు, 30,000 కాల్బలం అంటాడు ఏరియన్. డియోడోరస్ ఏనుగుల్ని 130కి తగ్గించి, రథాల్ని వెయ్యికి పైగా పెంచాడు, కాల్బలం యాభై వేలకి పైనేనన్నాడు. కుర్టియస్ ప్రకారం ఏనుగులు 85 మాత్రమే. పుస్తకం చదివేటప్పుడు ఇవి పెద్దగా అడ్డురావు. "అసంఖ్యాకమైన ఏనుగులు బారులు తీరాయి" అని రాసేసి ముందుకి పోవచ్చు. బల్ల దగ్గర అలా కుదరదు. ఎన్ని బొమ్మలు పెట్టాలి? వాటి మధ్య ఎంత ఎడం? ఈ రెండూ తేలకపోతే ఆట మొదలవదు. ప్రోగ్రాము రాసేవాళ్ళకి ఈ బాధ తెలుసు. క్లయింటు మీటింగులో "అది ఆటోమేటిగ్గా అయిపోతుంది" అంటాడు. ఆ "ఆటోమేటిగ్గా" అనే మాటని కోడులో రాయడానికి కూర్చున్నప్పుడు కదా అసలు ప్రశ్నలన్నీ బయటికి వచ్చేది.

ఇలా లెక్కకట్టిన మొదటివాడు ఏ వార్ గేమరూ కాదు, క్రీ.పూ. రెండో శతాబ్దపు పాలీబియస్. ఇస్సస్ యుద్ధం (క్రీ.పూ. 333) గురించి, అలెగ్జాండర్ వెంటే ఉన్న కలిస్థనీస్ రాసింది పట్టుకుని ఆయన ఉతికి ఆరేశాడు. కొండకీ సముద్రానికీ మధ్య జాగా 14 స్టేడియాలు కూడా లేదన్నావు, అందులో పర్షియన్ల గుర్రాలే ముప్ఫై వేలన్నావు. ఎనిమిది వరసల లోతున, తిరగడానికి సందులు వదిలి నిలబెడితే ఒక స్టేడియంకి 800 గుర్రాలు పడతాయి. పద్నాలుగింటికి 11,200. మిగతావాళ్ళెక్కడ నిలబడ్డారయ్యా? ఇదీ ఆయన వాదన. నాకు ప్రాచీన రచయితలందరిలోనూ ఈయనంటేనే ఎక్కువ ఇష్టం.

అదే కొలబద్దని జీలం ఒడ్డుకి తెద్దాం. ఏనుగుకీ ఏనుగుకీ మధ్య కనీసం ఒక ప్లెత్రన్, అంటే వంద అడుగులు, వదిలి కాల్బలం ముందు వరసగా నిలబెట్టాడంటాడు ఏరియన్. 200 ఏనుగులు, వంద అడుగులు. ఇరవై వేల అడుగులు, అంటే ఆరు కిలోమీటర్లు! దీనికి రెండు వైపులా గుర్రాలూ రథాలూ అదనం. ఇటు నది దాటి వచ్చిన అలెగ్జాండర్ దగ్గర ఏరియన్ లెక్కలో దాదాపు 6,000 కాల్బలం, 5,000 గుర్రాలు. (పేరుపేరునా చెప్పిన దళాల్ని కూడితే కాల్బలం ఇంకొంచెం ఎక్కువే తేలుతుంది, పోనివ్వండి.) ఎనిమిది వరసల్లో నిలబెడితే కాల్బలం ముప్పావు కిలోమీటరు. గుర్రాలు, పాలీబియస్ లెక్కన, ఇంకో కిలోమీటరు చిల్లర. అంతా కలిపి రెండు కిలోమీటర్లు దాటదు.

నా బల్ల ఆరడుగుల పొడవు. మీటరుకి ఒక మిల్లీమీటరు చొప్పున వేసుకుంటే అలెగ్జాండర్ సైన్యం బల్ల మీద దాదాపు సరిపోతుంది. ఏనుగుల వరస బల్ల దాటి, హాలు దాటి, వంటగదిలోకి పోతుంది. అంటే మూడింట రెండు వంతుల ఏనుగులకి ఎదురుగా ఎవరూ లేరు. అవి అలా గాలిని చూస్తూ నిలబడ్డాయా? మావటీలకి రెండు చివర్లనుంచీ ముందుకి మెలితిరిగి చుట్టుముట్టాలని తోచలేదా? తోచకపోవడమేంటి! కాబట్టి 200 అయినా తప్పు, వంద అడుగులైనా తప్పు. కుర్టియస్ చెప్పిన 85 ఏనుగుల్ని ఏరియన్ చెప్పిన వంద అడుగులతో కలిపితే రెండున్నర కిలోమీటర్లు. 200కే కట్టుబడి, పాలియానస్ చెప్పినట్టు యాభై అడుగుల ఎడం తీసుకుంటే మూడు కిలోమీటర్లు. ఈ రెండిట్లో ఏదైనా నడుస్తుంది. ఆరు మాత్రం నడవదు.

దీనికీ గెలుపోటములకీ సంబంధం ఉంది. అలెగ్జాండర్ తన గుర్రాల్లో ఎక్కువభాగం పురుషోత్తముడి ఎడమ చివర మీదికి తోలాడు. కోయినస్ అనే సేనానిని మాత్రం కుడి చివరకి పంపాడు. మన కుడివైపు రౌతులు ఎడమవైపు వాళ్ళకి సాయంగా కదలగానే వెనకనుంచి వెళ్ళి పడమన్నాడు. ఈ కోయినస్ ఏ దారిన వెళ్ళాడు, ఏనుగుల వెనకనుంచి చుట్టి వచ్చాడా, లేక ముందునుంచే దాటాడా అని పండితులు ఎప్పటినుంచో కొట్టుకుంటున్నారు. ఆరు కిలోమీటర్ల వరసని గుర్రం మీద చుట్టి రావాలంటే దౌడు కాకుండా దుడుకు నడకన అరగంట పైమాటే. అప్పటికి కథ అయిపోతుంది, గుర్రాలకి ఊపిరీ ఉండదు. రెండున్నర కిలోమీటర్ల వరస అయితే సాధ్యమే. బల్ల మీద స్కేలు పెట్టి కొలిచేసరికి ఇది ఎదురుగా కనపడుతుంది. పుస్తకంలో బాణం గుర్తు గీసిన మ్యాపులో అస్సలు కనపడదు.

ఇంతకీ ఏనుగుల సంగతి. డీబీఏలో ఏనుగుకి ఎదురెళ్ళి ఓడిన బరువైన రౌతుల దళం చచ్చినట్టే, వెనక్కి తగ్గడాలు లేవు. అదే ఏనుగు ఈటెలు విసిరే తేలిక సిపాయిల చేతిలో ఓడిందా, ఏనుగు చచ్చినట్టు. ఏదో సరదాకి పెట్టిన రూలు కాదిది, ఈ యుద్ధంలోంచే పుట్టినట్టు ఉంటుంది. అసలు అలెగ్జాండర్ నదిని తిన్నగా ఎందుకు దాటలేదు? అవతలి గట్టున ఏనుగులుంటే గుర్రాలు ఆ వాసనకీ ఘీంకారానికీ తెప్పల మీదనుంచే నీళ్ళలోకి దూకేస్తాయన్న భయంతో. అందుకే క్రేటరస్‌ని శిబిరంలో ఉంచి, రోజూ రాత్రి అటూ ఇటూ గుర్రాల్ని తోలుతూ గోల చేయించి, పురుషోత్తముడు విసిగి పట్టించుకోవడం మానేశాక, గాలివానలో 150 స్టేడియాలు, అంటే 27 కిలోమీటర్లు పైకి పోయి దాటాడు. ఇంత అవస్థ పడింది ఎవరి వల్ల? పనికిమాలిన ఏనుగుల వల్లనా?

తెల్లవారాక జరిగింది చూడండి. ముందు పురుషోత్తముడి కొడుకు రథాలతో వచ్చి అడ్డుకోబోయి చనిపోయాడు. వాన పడిన నేలలో రథాలు కూరుకుపోయాయి. మన విలుకాళ్ళ విల్లు మనిషెత్తు. కింద కొస నేలకి ఆనించి, ఎడమకాలితో అదిమి, వెనక్కి లాగి వదలాలని ఏరియనే ఇంకోచోట రాశాడు. బురదలో అది నేలకి ఆనదని కుర్టియస్ అంటాడు. చతురంగ బలాల్లో రెండు అంగాలని యుద్ధం మొదలవకముందే వాన మింగేసింది. మిగిలింది నాలుగు వేల గుర్రాలు. వాటిని రెండు చివర్లకీ పంచి పెట్టాడు. అవతల అయిదు వేలు, అదీ ఎక్కువభాగం ఒకే చివర. ఇక్కడే పోయింది యుద్ధం. మన రౌతులు ఓడి, తప్పించుకోవడానికి ఏనుగుల సందుల్లోకి వచ్చి దూరారు, గోడ చాటుకి పోయినట్టు.

అప్పుడు ఏనుగులు ముందుకి కదిలాయి. అయిదు మీటర్ల బల్లేలు పట్టుకుని దట్టంగా నిలబడ్డ ఫాలాంక్సుని చీల్చేశాయి. ఇలాంటి పోరు అంతకుముందెప్పుడూ చూడలేదని ఏరియన్ ఒప్పుకుంటాడు. కానీ మాసిడోనియన్లకి చుట్టూ ఖాళీ మైదానం. ఏనుగు వస్తే పక్కకి తప్పుకుని, అది తిరిగితే వెంటబడి ఈటెలు విసిరారు, మావటీల్ని గురిచూసి కొట్టారు. మనవాళ్ళకి ఆ ఖాళీ లేదు. ఏనుగుల మధ్య సందుల్లో సొంత రౌతులు, వెనక సొంత కాల్బలం. మావటి పోయిన ఏనుగుకి అటూ ఇటూ తిరగడానికి జాగా ఎక్కడ? అది తొక్కింది మనవాళ్ళనే, ఎందుకంటే దానికి అందేంత దూరంలో ఉన్నది మనవాళ్ళే. చివరికి అలిసిపోయి, వెనక్కి తెడ్లు వేసే ఓడల్లా, మొహం శత్రువు వైపే ఉంచి మెల్లగా వెనక్కి జరిగాయట. బెదిరి పరుగెత్తిన జంతువులు చేసే పనేనా ఇది?

బల్ల మీద ఇది అనుభవంలోకి వచ్చే తీరు వేరు. అట్టముక్కకీ అట్టముక్కకీ మధ్య వేలెడు సందు వదిలినంతసేపూ ఏనుగుల్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఆ సందులో ఓడిన రౌతుల్ని పెట్టాల్సి వచ్చిన మరుక్షణం నుంచి, ప్రతి పాచికా మనకి ఎదురు తిరుగుతున్నట్టు ఉంటుంది. పాచిక అదే, పక్కకి జరిగే జాగా పోయింది. నా లెక్కలో పురుషోత్తముడి ఓటమికి కారణం తక్కువ గుర్రాలు, వాటిని రెండుగా చీల్చడం, వాన. ఏనుగుల పేరు ఈ మూడిటి తర్వాత రావాలి.

నా మాట నమ్మకపోతే ఆ యుద్ధంలో ఉన్నవాళ్ళనే అడుగుదాం. ఆ రాత్రి అలెగ్జాండర్‌తో నది దాటినవాళ్ళ పేర్లలో సెల్యూకస్, లైసిమాకస్ ఉన్నాయి. పాతికేళ్ళు గడిచాయి. అలెగ్జాండర్ పోయాడు, సేనానులు సామ్రాజ్యం పంచుకుంటూ కొట్టుకుంటున్నారు. సుమారు క్రీ.పూ. 303లో సెల్యూకస్ చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని, సింధు నది వైపు రాజ్యభాగాలు వదులుకుని, బదులుగా 500 ఏనుగులు పుచ్చుకున్నాడు. ఏనుగులు ఉత్త దండగని జీలం ఒడ్డున కళ్ళారా చూసినవాడు చేసే బేరమేనా అది? క్రీ.పూ. 301లో ఇప్పటి టర్కీలోని ఇప్సస్ దగ్గర సెల్యూకస్, లైసిమాకస్ ఒకవైపు, ఆంటిగోనస్, అతని కొడుకు డిమిట్రియస్ రెండోవైపు. ప్లూటార్క్ లెక్కలో ఏనుగులు ఇటు 400, అటు 75. డిమిట్రియస్ తన రౌతులతో ఎదుటి రౌతుల్ని తరుముకుంటూ చాలా దూరం పోయాడు. తిరిగి వద్దామంటే మధ్యలో ఏనుగుల గోడ. గుర్రాలు దాటలేదు. ఎనభై దాటిన ఆంటిగోనస్, కొడుకు వస్తాడని చూస్తూ ఈటెల దెబ్బలకి పోయాడు. పురుషోత్తముడు చేయదలచుకున్నది ఇదే. సెల్యూకస్‌కి గుర్రాలు సరిపడా ఉన్నాయి, ఆ రోజు వాన కూడా పడలేదేమో.

ఇక "గెలిచింది మనవాడే" అనే ఫార్వర్డు. అలెగ్జాండర్ యుద్ధం తర్వాత ఆ నది దగ్గరే రెండు ఊళ్ళు కట్టించాడు, అక్కడినుంచి ఇంకా తూర్పుకి బియాస్ దాకా వెళ్ళాడు. ఓడినవాడు శత్రుదేశంలోకి మరింత లోపలికి నడవడు. పురుషోత్తముడి రాజ్యం అతనికే తిరిగి ఇచ్చి ఇంకా పెంచాడన్నది నిజమే. అది అలెగ్జాండర్‌కి కొత్త అలవాటు కాదు, పర్షియాలోనూ లొంగినవాళ్ళని పదవుల్లో ఉంచాడు. బియాస్ దగ్గర సైనికులు ముందుకి కదలమని మొండికేశారు, పురుషోత్తముడితో పోరే వాళ్ళ ఉత్సాహం చంపిందని ప్లూటార్క్ అన్నాడు. నాకు అది చాలు. ఓడినవాడి గౌరవం నిలబెట్టడానికి ఓటమిని గెలుపుగా మార్చక్కరలేదు. దరయస్‌లా ముందుగా పారిపోకుండా, భుజానికి గాయమయ్యాక కూడా ఏనుగు దిగలేదని శత్రువుల పుస్తకంలోనే రాసి ఉంది.

ఇంతవరకూ బల్లని పొగిడాను. అది చెప్పని సంగతి ఒకటుంది. డీబీఏలో పన్నెండు అట్టముక్కల్లో నాలుగు పోతే ఓడినట్టు. అక్కడితో ఆట ఆపి, చేయి కలిపి, కాఫీ తాగుతారు. రూలు అర్థవంతమైనదే. మూడో వంతు కూలితే మిగతావాళ్ళ గుండె జారుతుంది, వరస విడిపోతుంది. ఐతే ప్రాచీన యుద్ధాల్లో ఎక్కువమంది చచ్చేది ఆ తర్వాతే. వరసలో నిలబడి డాలు పట్టుకున్నవాడిని చంపడం కష్టం, వీపు తిప్పినవాడిని చంపడం సులువు. జీలం దగ్గర అవతలి గట్టున క్రేటరస్ సైన్యం పొద్దుటినుంచీ కూర్చుని ఉంది. మన వరస విడిపోవడం చూసి నది దాటి, అలిసిపోయినవాళ్ళ బదులు వీళ్ళు తరమడం మొదలెట్టారు. మనవాళ్ళలో దాదాపు 20,000 కాల్బలం, 3,000 రౌతులు పోయారంటాడు ఏరియన్. డియోడోరస్ 12,000 పైగా అంటాడు. అలెగ్జాండర్ వైపు ఏరియన్ లెక్క మూడువందల పైచిలుకు, డియోడోరస్ లెక్క వెయ్యికి దగ్గర. అంకెల్ని సగానికి కోసినా సరే, ఆ చావుల్లో ఎక్కువభాగం ఆట అయిపోయిందని మేము బొమ్మలు పెట్టెలో సర్దుకునే వేళకి మొదలయ్యాయి. లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ ఫిలిప్ సాబిన్ 2007లో 'లాస్ట్ బాటిల్స్' అని పుస్తకం రాశాడు. 35 ప్రాచీన యుద్ధాలని ఒకే నిబంధనలతో బల్ల మీద పరీక్షించి, ఏ రచయిత అంకెలు నిలబడతాయో చూశాడు. ఎవరి సైన్యం ఎంత, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అనే ప్రశ్నలకి ఈ పద్ధతి ఎంత పదునైనదో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. తరిమి చంపడానికి మాత్రం పాచికల అవసరం ఉండదు, అందుకే మా ఆటలో దానికి వంతు ఉండదు.

వచ్చే నెల జీలం మళ్ళీ వేస్తున్నాం. ఈసారి కుర్టియస్ లెక్కే, 85 ఏనుగులు, ఒక్కో బొమ్మ పదింటికి గుర్తు, మొత్తం తొమ్మిది బొమ్మలు. కొన్న బొమ్మల మీద అంబారీలు ఉన్నాయి. సాంచి తోరణాల మీద ఏనుగెక్కినవాళ్ళు అంబారీ లేకుండా, మెడకి అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చుని ఉంటారు. అందుకని కట్టరుతో అంబారీలన్నీ కోసేస్తున్నాను. ఆరు అయ్యాయి, ఇంకా మూడున్నాయి.